పెరిగిన మిల్లులు, తరిగిన కొలువులు: కలకత్తా జనపనార పరిశ్రమ చెప్పే పాఠం



దేశం ఆర్థికంగా ఎదిగితే నిరుద్యోగం తగ్గుతుందా? తగ్గుతుందనే మనలో చాలామంది వెంటనే జవాబు చెబుతాం. కొత్త ఫ్యాక్టరీ వస్తే కొత్త ఉద్యోగాలు వస్తాయి, ఉత్పత్తి పెరిగితే పనివారి అవసరం పెరుగుతుంది అనేది మన వాదన. ఇందులో నిజం ఉంది. అయితే అది ఎంతవరకు నిజమో తెలియాలంటే సిద్ధాంతాలతో పాటు చరిత్రను కూడా అడగాలి. ఒకే పరిశ్రమ ఒకే చోట వందేళ్ళకు పైగా పెరుగుతూ, తగ్గుతూ, మారుతూ వచ్చినప్పుడు అక్కడి పనివారికి ఏం జరిగిందో చూస్తే ఈ ప్రశ్నకు మరింత నమ్మదగిన జవాబు దొరుకుతుంది.

అటువంటి చోటు కలకత్తా. 2001 నుంచి ఈ నగరం పేరును అధికారికంగా కోల్‌కతా అని రాస్తున్నాం. ఈ నగరం చుట్టూ హుగ్లీ నది ఇరు ఒడ్డులా వెలసిన జనపనార మిల్లుల కథే ఈ పాఠం. ఆ మిల్లుల్లో మన ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళిన వేలాది తెలుగువారు కూడా పనిచేశారు కనుక ఇది మన చరిత్ర కూడా.

హుగ్లీ ఒడ్డున మొదటి మిల్లు

గోనె సంచి మీరందరూ చూసిన వస్తువే. 19వ శతాబ్దంలో ప్రపంచ వ్యాపారం నడవడానికి ఈ సంచి ఎంతో అవసరం. ఆస్ట్రేలియా ఉన్ని, అమెరికా గోధుమ, రంగూన్ బియ్యం, ఏవి ఓడ ఎక్కాలన్నా గోనె కావలసిందే. దానికి ముడిసరుకైన జనపనార ఎక్కువగా పండేది బెంగాల్‌లో. కాని మొదట్లో దాన్ని యంత్రాలపై వడికి నేసింది స్కాట్లాండ్‌లోని డండీ పట్టణం.

1855లో కలకత్తాకు ఎగువన రిష్రా అనే చోట జార్జ్ ఆక్లండ్ అనే ఆంగ్లేయుడు మొదటి జనపనార మిల్లును స్థాపించాడు. పెట్టుబడిలో ఒక బెంగాలీ వర్తకుడి భాగస్వామ్యం ఉంది. ఆ మిల్లు మొదట నూలు మాత్రమే వడికేది. 1859లో బరానగర్‌లో మరమగ్గాలు వచ్చాయి. అక్కడి నుంచి మిల్లులు ఒకదాని వెంట ఒకటి వెలిశాయి. 1884లో మిల్లు యజమానులు ఒక సంఘంగా ఏర్పడ్డారు. మార్కెట్లో సరుకు ఎక్కువై ధర పడిపోతే అందరూ కలిసి పనిగంటలు తగ్గించుకోవాలనే ఒప్పందాలు ఆ సంఘం ద్వారా జరిగేవి. ఈ విషయం గుర్తుంచుకోండి. ముందు ముందు మనకు అవసరమవుతుంది.

ఇప్పుడు కొన్ని అంకెలు చూద్దాం. 20వ శతాబ్దం మొదలయ్యే నాటికి ఈ మిల్లుల్లో సుమారు 16 వేల మగ్గాలు, సుమారు 1 లక్షా 10 వేల మంది పనివారు ఉన్నారు. 1929 నాటికి మగ్గాలు 50 వేలు దాటాయి. పనివారు దాదాపు మూడున్నర లక్షలయ్యారు. మగ్గాలు మూడు రెట్లు పెరిగితే పనివారు కూడా ఇంచుమించు మూడు రెట్లు పెరిగారు. అంటే ఈ ముప్పై ఏళ్ళలో పరిశ్రమ పెరుగుదల నేరుగా ఉద్యోగాలుగా మారింది.

ఆర్థికశాస్త్రంలో దీన్ని కొలవడానికి ఒక సాధనం ఉంది. ఉత్పత్తి ఒక శాతం పెరిగితే ఉపాధి ఎంత శాతం పెరిగిందో చెప్పే నిష్పత్తిని ఉపాధి వ్యాకోచత్వం అంటారు. అది ఒకటికి దగ్గరగా ఉంటే పెరుగుదల అంతా ఉద్యోగాలను తెచ్చిందన్నమాట. సున్నాకు దగ్గరగా ఉంటే పెరుగుదల జరిగినా కొత్త కొలువులు రాలేదన్నమాట. ఇక్కడ మనం ఉత్పత్తికి బదులు మగ్గాల సంఖ్యను తీసుకున్నాం కనుక ఇది కచ్చితమైన కొలత కాకపోయినా, 1929 వరకు కలకత్తా మిల్లుల పరిస్థితి మొదటి కోవలోనిదని చెప్పవచ్చు.

అయితే ఈ పెరుగుదలకు మరోవైపు డండీ ఉంది. కలకత్తా సరుకు చౌక. ప్రపంచ మార్కెట్లో కలకత్తా గోనె నిలదొక్కుకున్న కొద్దీ డండీ వెనుకబడింది. ఒక చోట పెరుగుదల మరో చోట పనివారి పొట్ట కొట్టవచ్చునని దీన్నిబట్టి గ్రహించాలి. వింతేమిటంటే, కలకత్తా మిల్లుల్లో మేనేజర్లుగా, యంత్ర నిపుణులుగా పనిచేసింది ఎక్కువగా డండీ నుంచి వచ్చినవారే.

ఊళ్ళ నుంచి మిల్లులకు

ఈ మూడున్నర లక్షల మంది ఎక్కడి నుంచి వచ్చారు? మొదట్లో పనివారిలో ఎక్కువమంది చుట్టుపక్కల గ్రామాల బెంగాలీలే. 1890లలో మిల్లుల్లో విద్యుద్దీపాలు వెలిగాయి. చీకటి పడ్డాక కూడా యంత్రాలు నడిపే వీలు కలిగింది. పనివారి అవసరం ఒక్కసారిగా పెరిగింది. 1906లో బెంగాల్ కార్మికుల పరిస్థితిపై ఫోలీ అనే అధికారి సమర్పించిన నివేదిక ప్రకారం, ఇరవై ఏళ్ళ క్రితం పనివారంతా బెంగాలీలే. ఆ తరువాత వారి స్థానంలోకి క్రమంగా బీహార్, సంయుక్త రాష్ట్రాల వారు వచ్చారు. ఒరిస్సా నుంచి, మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి కూడా జనం వచ్చారు.

ఆ మద్రాసు ప్రెసిడెన్సీ వారిలో చాలామంది మనవాళ్ళే. నాటి విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి, అంటే ఇప్పటి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి బయలుదేరినవారు. అంతకుముందు ఈ ప్రాంతపు కూలీలకు బతుకుతెరువు చూపింది సముద్రం. కాకినాడ, విశాఖ, భీమునిపట్నం రేవుల నుంచి ఓడ ఎక్కి బర్మా వెళ్ళేవారు. 1890లలో తూర్పు తీరం వెంట రైలుమార్గం పడింది. 1900 నాటికి అది కలకత్తా దాకా కలిసింది. కరవు వచ్చిన ఏడు పొలంలో పని లేనివాడికి, అప్పు తీర్చుకోవలసిన సన్నకారు రైతుకు, భూమిలేని కూలీకి ఇప్పుడు రంగూన్‌తో పాటు కలకత్తా కూడా ఒక దారి అయింది.

మొత్తం పనివారిలో మద్రాసు ప్రెసిడెన్సీ వారు నూటికి నాలుగైదుగురే. కాని వారు కొన్నిచోట్ల గుంపుగా స్థిరపడ్డారు. టీటాగఢ్ అటువంటి చోటు. అక్కడి మిల్లు వాడల్లో తెలుగు మాట, తెలుగు పండుగలు, తెలుగు బడి నిలిచాయి. మరో ప్రత్యేకత కూడా ఉంది. బీహార్ నుంచి వచ్చిన మగవారు సాధారణంగా ఒంటరిగా వచ్చేవారు. తెలుగువారు కుటుంబంతో రావడం ఎక్కువ. అందువల్ల మిల్లుల్లో పనిచేసిన మహిళల్లో తెలుగు స్త్రీలు ప్రత్యేకంగా కనిపిస్తారు.

మిల్లు గేటు దగ్గర

పనివారిని ఎంచుకునేది మేనేజరు కాదు, సర్దార్. సర్దార్ అంటే మన మేస్త్రీ వంటివాడు. తన ఊరివారిని, తన భాషవారిని పిలిపించి పనిలో పెట్టేవాడు. పని ఇప్పించినందుకు మామూలు తీసుకునేవాడు. అవసరానికి అప్పు ఇచ్చేవాడు, ఉండటానికి గది చూపించేవాడు. పని పోగొట్టే అధికారం కూడా చాలావరకు అతని చేతిలోనే ఉండేది. శ్రామిక మార్కెట్ అనే మాట వినగానే మనకు కొనేవాడు, అమ్మేవాడు, ధర గుర్తుకొస్తాయి. కలకత్తాలో ఈ మార్కెట్ ఊరు, కులం, భాష, అప్పు అనే దారాలతో అల్లుకొని ఉండేది.

రెండో విషయం బద్లీ పద్ధతి. శాశ్వత పనివాడు ఒకరోజు రాకపోతే అతని స్థానంలో ఆ రోజుకు పనిచేసేవాడిని బద్లీ అంటారు. పొద్దున్నే మిల్లు గేటు దగ్గర బద్లీలు నిలబడేవారు. పిలుపు వస్తే పని, లేకపోతే ఖాళీ చేతులతో తిరుగుముఖం. ఈ బద్లీని ఉద్యోగి అందామా, నిరుద్యోగి అందామా? వారంలో మూడు రోజులు పని దొరికినవాడు లెక్కల్లో పనివాడే. కాని మిగతా రోజులు అతని ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? నిరుద్యోగం ఎప్పుడూ పని పూర్తిగా లేకపోవడంగానే కనిపించదు. ఒక్కొక్కసారి పని చాలకపోవడంగా, రేపటి మీద భరోసా లేకపోవడంగా ఉంటుంది. దీన్ని అల్ప ఉద్యోగిత అంటారు.

20వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో వేసవిలో పనివారు దొరకడం లేదని యజమానులు వాపోయేవారు. కోతలకు, పెళ్ళిళ్ళకు పనివారు ఊరికి పోయేవారు. 1920లు గడిచేసరికి ఆ ఫిర్యాదు మాయమైంది. గేటు దగ్గర పనికోసం నిలబడేవారే ఎక్కువయ్యారు. 1929లో నియమితమై 1931లో నివేదిక ఇచ్చిన రాయల్ కార్మిక కమిషన్ ఈ పరిస్థితినీ, సర్దార్ల మామూళ్ళనూ వివరంగా చర్చించింది.

ఇక్కడ ఒక సిద్ధాంతం చెప్పుకోవాలి. ఆర్థర్ లూయిస్ అనే ఆర్థికవేత్త 1954లో ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. 1979లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. పల్లెల్లో అవసరానికి మించి జనం వ్యవసాయంపై ఆధారపడి ఉన్నంతకాలం, పట్టణ పరిశ్రమ ఎంత పెరిగినా కూలి రేటు పెద్దగా పెరగదని ఆయన వాదించాడు. ఎందుకంటే ఒకడు కాదంటే ఆ రేటుకే రావడానికి మరొకడు సిద్ధంగా ఉంటాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో (1914–18) ఇసుక బస్తాలకు గిరాకీ పెరిగి జనపనార మిల్లుల లాభాలు విపరీతంగా పెరిగాయి. కొన్ని సంవత్సరాల్లో అవి మూలధనంలో సగానికి మించాయి. కాని పనివారి వేతనాలు పెరిగిన ధరలను కూడా అందుకోలేకపోయాయి. లూయిస్ చెప్పింది ఇటువంటి పరిస్థితి గురించే.

ఆరు గంటల లెక్క, నలభై గంటల వారం

1929లో ఏం జరిగిందో చూద్దాం. ఆ ఏడాది జూలైలో మిల్లు యజమానులు వారానికి 54 గంటల పనిని 60 గంటలకు పెంచారు. పనివారు సార్వత్రిక సమ్మెకు దిగారు. ప్రభావతీ దాస్‌గుప్తా ఆ ఉద్యమ నాయకుల్లో ముఖ్యురాలు.

పనిగంటలు పెరిగితే ఉద్యోగాలకు ఏమవుతుంది? కాగితం మీద లెక్క వేయండి. ఒక మిల్లులో వారానికి 54,000 పనిగంటల పని ఉందనుకుందాం. మనిషికి 54 గంటల చొప్పున వెయ్యిమంది కావాలి. మనిషికి 60 గంటలైతే 900 మంది చాలు. ఉత్పత్తి ఒక్క సంచి కూడా తగ్గకుండానే వందమంది అవసరం తీరిపోయింది. ఉత్పత్తికీ ఉద్యోగానికీ మధ్య పనిగంటలు అనే మెట్టు ఒకటి ఉందని ఈ చిన్న లెక్క చెబుతుంది. దీనికి తోడు, పనివారిని అంచెలంచెలుగా మార్చే బహుళ షిఫ్టు పద్ధతి నుంచి ఒకే షిఫ్టు పద్ధతికి మిల్లులు మారుతున్న కాలమది. ఒకే షిఫ్టులో అదనపు మనుషుల అవసరం ఉండదు.

అదే ఏడాది చివర ప్రపంచ ఆర్థికమాంద్యం మొదలైంది. ప్రపంచ వ్యాపారం కుంచించుకుపోతే సంచులు కొనేవారెవరు? 1931లో యజమానుల సంఘం తన పాత ఆయుధాన్ని బయటకు తీసింది. ఈసారి పనిగంటలు వారానికి 40కి తగ్గాయి. నూటికి పదిహేను మగ్గాలకు సీలు వేశారు. ధర పడిపోకుండా కాపాడటమే లక్ష్యం. 1929లో మూడున్నర లక్షలకు చేరువైన పనివారి సంఖ్య రెండు మూడేళ్ళలో రెండున్నర లక్షల పైచిలుకుకు పడిపోయింది. పని మిగిలినవారికి కూడా గంటలతో పాటు కూలి తగ్గింది.

పని పోయిన ఆ వేలాదిమంది ఎక్కడికి వెళ్ళారు? ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. అదే కాలంలో బ్రిటన్‌లో పని పోయినవారిలో చాలామందికి ప్రభుత్వ నిరుద్యోగ భృతి ఉంది. వారి పేర్లు రిజిస్టర్లలో ఉన్నాయి; కనుక నిరుద్యోగుల సంఖ్య అందరికీ కనిపించేది. కలకత్తాలో భృతి లేదు, రిజిస్టర్ లేదు. పని పోయినవారు చాలావరకు రైలెక్కి ఊరికి వెళ్ళిపోయారు. ఛప్రా వాడు ఛప్రాకు, గంజాం వాడు గంజాంకు, శ్రీకాకుళం వాడు శ్రీకాకుళానికి చేరాడు. అక్కడ అన్నదమ్ముల పొలంలో తానూ ఒక చేయి వేశాడు. నలుగురు చేసే పనిని అయిదుగురు చేశారు, నలుగురు తినే గంజిని అయిదుగురు పంచుకున్నారు. అయిదో మనిషిని తీసేసినా పంట తగ్గదు. దీనినే ప్రచ్ఛన్న నిరుద్యోగిత అంటారు.

అంటే పరిశ్రమ పెరిగినప్పుడు వచ్చిన లాభం కలకత్తాలోనూ డండీలోనూ లండన్‌లోనూ కనిపించింది. పరిశ్రమ కుంగినప్పుడు వచ్చిన నష్టాన్ని పల్లె మోసింది. ఆ నష్టం ఏ బ్యాలెన్సు షీటులోనూ ఎక్కలేదు. మరోమాటలో చెప్పాలంటే, భృతి ఇవ్వవలసిన బాధ్యతను ఆనాడు నిర్వహించింది రైతు కుటుంబమే.

ఖరగ్‌పూర్ నుంచి రాష్ట్రపతి భవన్ దాకా

మాంద్యం లేకపోయినా ఉద్యోగాలు పోవచ్చు. దీనికి ఉదాహరణ కలకత్తాకు పశ్చిమాన సుమారు 120 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఖరగ్‌పూర్. బెంగాల్ నాగపూర్ రైల్వే తన పెద్ద వర్క్‌షాపును ఇక్కడే నెలకొల్పింది. రైలుమార్గం వెంట వచ్చిన తెలుగువారు ఈ పట్టణంలో పెద్ద సంఖ్యలో స్థిరపడ్డారు. 1927లో వర్క్‌షాపులో పనివారి తగ్గింపు ప్రయత్నం పెద్ద పోరాటానికి దారి తీసింది. సమ్మె, ఆ తరువాత లాకౌట్ జరిగాయి. రైళ్ళు ఆగలేదు, ప్రయాణికులు తగ్గలేదు. తక్కువమందితో ఎక్కువ పని చేయించుకోవాలని రైల్వేలు చూస్తున్న కాలమది.

ఆ రైల్వే కార్మిక సంఘ నాయకుల్లో వరాహగిరి వెంకటగిరి ఒకరు. బరంపురంలో పుట్టిన తెలుగువాడు. తరువాత 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల వేతనాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినప్పుడు 1954లో మంత్రి పదవికి రాజీనామా చేశారు. 1969 నుంచి 1974 వరకు రాష్ట్రపతిగా ఉన్నారు. రాష్ట్రపతిగా ఉండగానే నిరుద్యోగ సమస్యపై 'జాబ్స్ ఫర్ అవర్ మిలియన్స్' అనే ఇంగ్లీషు పుస్తకాన్ని ప్రచురించారు. కార్మికుల పక్షాన నిలబడిన మనిషికి నలభై ఏళ్ళ తరువాత కూడా ఉద్యోగాల ప్రశ్న తీరని ప్రశ్నగానే మిగిలిందని దీన్నిబట్టి తెలుస్తుంది.

స్వాతంత్ర్యం తరువాత

1947లో దేశ విభజన జరిగింది. జనపనార ఎక్కువగా పండే పొలాలు తూర్పు పాకిస్తాన్‌కు వెళ్ళాయి. మిల్లులన్నీ భారతదేశంలో మిగిలాయి. 1949 సెప్టెంబరులో భారత్ రూపాయి విలువను తగ్గించగా పాకిస్తాన్ తగ్గించలేదు. రెండు దేశాల మధ్య ముడి జనపనార వ్యాపారం స్తంభించింది. పశ్చిమ బెంగాల్ రైతులు వరి పొలాల్లో కొంత భాగాన్ని జనపనారకు మార్చి లోటు తీర్చారు. అదే సమయంలో లక్షలాది శరణార్థులు కలకత్తా చేరారు. ఒకవైపు ముడిసరుకు కొరత, మరోవైపు పని అడిగే చేతుల వరద.

ఈ స్థితిలో మిల్లులు బతకాలంటే యంత్రాలను ఆధునికం చేయాలని యజమానులు, ప్రభుత్వం భావించాయి. వడికే విభాగంలో కొత్త యంత్రాలు వచ్చాయి. 1950లో సుమారు రెండు లక్షల ఎనభై వేల మంది ఉన్న పనివారు పదేళ్ళలో రెండు లక్షల పదివేల దరిదాపుకు తగ్గారు. ఉత్పత్తి మాత్రం తగ్గలేదు. 1929కి ముందు కథకు ఇది పూర్తిగా తారుమారు. అప్పుడు మగ్గాలతో పాటు మనుషులు పెరిగారు. ఇప్పుడు ఉత్పత్తి నిలబడింది, మనుషులు తగ్గారు. ఉపాధి వ్యాకోచత్వం ఒక పరిశ్రమకు పుట్టుకతో వచ్చే గుణం కాదనీ, యంత్రాన్నిబట్టి, విధానాన్నిబట్టి మారుతుందనీ గ్రహించాలి.

ఈ తగ్గింపులో మొదట నష్టపోయింది మహిళలు. 20వ శతాబ్దం తొలినాళ్ళలో మిల్లు పనివారిలో అయిదారుగురిలో ఒకరు మహిళ. 1970ల నాటికి ఆ వాటా నూటికి కొద్దిమందికి పడిపోయింది. రాత్రి పనిపై నిషేధం, 1939 నాటి ప్రసూతి సౌకర్యాల చట్టం వల్ల ఖర్చు ఎక్కువని యజమానులు చెప్పేవారు. మిగిలిన కొద్దిపాటి పని మగవారికే దక్కాలని మగ కార్మికులు, వారి సంఘాలు కూడా అనుకున్న సందర్భాలున్నాయి. స్త్రీలు చేతితో చేసే పనులే యంత్రాల పాలయ్యాయి. డండీలో మిల్లు పనివారిలో మహిళలే ఎక్కువని గుర్తు చేసుకుంటే, ఈ పని స్త్రీలకు తగదన్న వాదన ఎంత బలహీనమో అర్థమవుతుంది.

కలకత్తా అంటే జనపనార ఒక్కటే కాదు. హౌరాలో ఇంజనీరింగ్ కర్మాగారాలు రైలు వ్యాగన్లు, యంత్రభాగాలు తయారుచేసేవి. వాటికి పెద్ద కొనుగోలుదారు ప్రభుత్వమే. 1965–66 తరువాత కరవులు, యుద్ధ వ్యయం కారణంగా ప్రణాళికా పెట్టుబడి తగ్గింది. 1966 నుంచి 1969 వరకు పంచవర్ష ప్రణాళికకే విరామం వచ్చింది. వ్యాగన్ల ఆర్డర్లు పడిపోయాయి. ఉక్కును దేశమంతా ఒకే ధరకు అందించే రవాణా ధరల సమీకరణ విధానం 1950లలో మొదలై 1990ల తొలినాళ్ళ వరకు సాగింది. గనులకు, ఉక్కు కర్మాగారాలకు దగ్గరగా ఉండటం వల్ల తూర్పు భారతానికి ఉన్న సహజ లాభాన్ని అది తగ్గించింది. 1967లో ఘెరావ్‌లు, ఆ తరువాత లాకౌట్లు ఎక్కువయ్యాయి. ప్లాస్టిక్ సంచి వచ్చి గోనె సంచితో పోటీ పడింది. బెంగాల్ పారిశ్రామిక క్షీణతకు ఏ కారణం ఎంతవరకు బాధ్యత వహిస్తుందన్న దానిపై చరిత్రకారుల్లో ఏకాభిప్రాయం లేదు. ఒకే కారణం చెప్పి ముగించేవారి మాటను మీరు జాగ్రత్తగా పరిశీలించాలి.

1987లో కేంద్ర ప్రభుత్వం కొన్ని సరుకులను జనపనార సంచుల్లోనే నింపాలని చట్టం చేసింది. ఆహారధాన్యాలకు, చక్కెరకు సంచులు అవసరం కాబట్టి మిల్లులు నిలదొక్కుకున్నాయి. ఈ ఉద్యోగాలు నిలిచింది మార్కెట్ వల్ల కాదు, ప్రభుత్వ నిర్ణయం వల్లనే.

చదువుకున్నవారి నిరుద్యోగం

మిల్లు పనివాడికి వెనక్కి పోవడానికి ఒక ఊరుంది. మరి కలకత్తాలోనే పుట్టి, డిగ్రీ చదివిన యువకుడికో? శరణార్థి కుటుంబాల పిల్లలకు తిరిగి వెళ్ళే ఊరే లేదు. 1960ల చివర నుంచి నగరంలో చదువుకున్నవారి నిరుద్యోగం తీవ్రమైంది. ఆనాటి సినిమాలే ఇందుకు సాక్ష్యం. సత్యజిత్ రే 1970లో 'ప్రతిద్వంద్వి', మృణాల్ సేన్ 1971లో 'ఇంటర్వ్యూ' తీశారు. రెండింటిలోనూ కథానాయకుడు ఉద్యోగం కోసం తిరిగే యువకుడు. చరిత్ర చదివేవారికి గణాంకాలతో పాటు సినిమా కూడా ఒక ఆధారమే. ప్రచ్ఛన్న నిరుద్యోగం పల్లెలో దాగింది. బహిరంగ నిరుద్యోగం నగరపు వీధుల్లో కనిపించింది. రెండోది కనిపించింది కనుకనే దాని మీద చర్చ ఎక్కువ జరిగింది.

ఓకన్ సూత్రం మనకు సరిపోతుందా?

1962లో ఆర్థర్ ఓకన్ అనే అమెరికన్ ఆర్థికవేత్త తన దేశపు గణాంకాలను పరిశీలించి ఒక సంబంధాన్ని గుర్తించాడు. నిరుద్యోగం ఒక శాతం పాయింటు తగ్గడానికి ఉత్పత్తి సుమారు మూడు శాతం అదనంగా పెరగాలని స్థూలంగా ఆయన అంచనా. దీన్ని ఓకన్ సూత్రం అంటారు. పని పోయినవాడు భృతి కోసమో మరో ఉద్యోగం కోసమో పేరు నమోదు చేసుకునే సమాజంలో ఈ సంబంధం చక్కగా కనిపిస్తుంది. పని పోయినవాడు ఊరికి పోయి పొలంలో దిగే సమాజంలో, ఖాళీగా కూర్చునే స్తోమత లేక ఏదో ఒక పని చేసే సమాజంలో నిరుద్యోగ శాతం అంతగా కదలదు. కదిలేది పని నాణ్యత, దాని మీద వచ్చే ఆదాయం.

ఇది పాతకాలపు సంగతి అనుకోవద్దు. 2020లో కోవిడ్ లాక్‌డౌన్ విధించినప్పుడు నగరాల నుంచి లక్షలాదిమంది కార్మికులు కాలినడకన, రైళ్ళలో, లారీల్లో ఊళ్ళకు తరలిన దృశ్యాలు మీకు తెలిసినవే. ప్రభుత్వ శ్రామిక సర్వే ప్రకారం దేశంలోని పనివారిలో వ్యవసాయంపై ఆధారపడినవారి వాటా 2018–19లో 42.5 శాతం, 2020–21లో 46.5 శాతం. తొంభై ఏళ్ళ తరువాత కూడా పల్లె అదే పాత్ర పోషించింది.

అదే సర్వే ప్రకారం 2017–18లో నిరుద్యోగం 6.1 శాతం. 2023–24లో 3.2 శాతం. తగ్గిన మాట నిజం. అదే కాలంలో పదిహేనేళ్ళు దాటిన మహిళల్లో పనిచేసేవారు, పని వెతికేవారు కలిసి 23.3 శాతం నుంచి 41.7 శాతానికి పెరిగారు. కాని వీరిలో చాలామంది స్వయం ఉపాధిలోనూ, సొంత కుటుంబపు పొలంలో లేదా దుకాణంలో జీతం లేకుండానూ పనిచేస్తున్నవారు. ఈ సంఖ్యను ప్రగతి అనాలా, గత్యంతరం లేక చేరిన పని అనాలా? ఒక్క నిరుద్యోగ శాతాన్ని చూసి తేల్చలేం. 1931లో ఊరికి చేరిన అయిదో మనిషిని గుర్తు తెచ్చుకోండి.

నేటి కోల్‌కతాలో సాల్ట్ లేక్ సెక్టార్ 5లో సాఫ్ట్‌వేర్ కార్యాలయాలు వెలిశాయి. ఇంజనీరింగ్ చదివినవారికి అవి మంచి ఉద్యోగాలు ఇచ్చాయి. కాని పని పోయిన మిల్లు కార్మికుడు మరుసటి రోజు అక్కడ చేరలేడు. కొత్త ఉద్యోగాలు ఒక రకం నైపుణ్యాన్ని అడుగుతుంటే పని కోసం చూసేవారి దగ్గర మరో రకం నైపుణ్యం ఉండటాన్ని వ్యవస్థాపూర్వక నిరుద్యోగిత అంటారు. సింగూర్‌లో కార్ల కర్మాగారం కోసం 2006లో సేకరించిన దాదాపు వెయ్యి ఎకరాల భూమిపై వచ్చిన వివాదంలో కూడా ఈ ప్రశ్నే ఉంది. కంపెనీ 2008లో వెళ్ళిపోయింది. 2016లో సుప్రీంకోర్టు ఆ భూసేకరణను కొట్టివేసింది. పరిశ్రమ రాక ఉద్యోగాలు పోయాయని ఒకరు, భూమిపై బతికే కౌలుదారుకు, కూలీకి ఆ ఫ్యాక్టరీలో చోటెక్కడని మరొకరు వాదించారు. రెండు వాదనలూ బతుకుతెరువు గురించినవే.

మన ఉత్తరాంధ్రకు కూడా ఈ కథ తిరిగి వచ్చింది. భీమిలి ప్రాంతపు గోగునారను ప్రపంచ వ్యాపారంలో 'బిమ్లిపటం జూట్' అని పిలిచేవారు. దాని ఆధారంగా చిట్టివలసలో, నెల్లిమర్లలో జనపనార మిల్లులు వెలిశాయి. కలకత్తా వెళ్ళకుండానే మిల్లు పని దొరికిన కుటుంబాలెన్నో. చిట్టివలస మిల్లు 2009లో లాకౌట్ అయింది. పక్కనే విశాఖ నగరం వేగంగా ఎదుగుతున్న కాలమది.

గ్రహించవలసిన విషయాలు

మొదటిది: ఆర్థికవృద్ధి ఉద్యోగాలకు అవకాశం ఇస్తుంది, హామీ ఇవ్వదు. ఆ అవకాశం ఉద్యోగంగా మారేది పనిగంటలు, యంత్రాలు, ప్రభుత్వ విధానం, పనివారి బేరశక్తి అనే వాటిని బట్టి.

రెండోది: పెరుగుదల ఫలం, తరుగుదల భారం ఒకే చోట పడవు. కలకత్తా మిల్లుల లాభం నగరంలో కనిపించింది. నష్టం మన పల్లెల్లో దాగింది.

మూడోది: నిరుద్యోగ శాతం ఒక్కటే చూడకూడదు. ఎన్ని రోజుల పని, ఎంత కూలి, ఎంత భద్రత, స్త్రీలకు చోటుందా అనే ప్రశ్నలు కూడా అడగాలి.

మీ తాతల కాలంలో మీ ఊరి నుంచి కలకత్తాకో, ఖరగ్‌పూర్‌కో, రంగూన్‌కో వెళ్ళినవారు ఉంటే పెద్దలను అడిగి తెలుసుకోండి. ఎప్పుడు వెళ్ళారు, ఎవరు తీసుకువెళ్ళారు, ఎందుకు తిరిగి వచ్చారు అని రాసుకోండి. తిరిగి వచ్చినప్పుడు వారు ఏ లెక్కల్లోనూ నిరుద్యోగులుగా నమోదు కాలేదు. వారి కథను నమోదు చేసే పని ఇప్పుడు మీది.

ఆలోచించండి

1. పనిగంటలు తగ్గిస్తే ఉద్యోగాలు పెరుగుతాయా? 1931లో గంటలు తగ్గినా పనివారు ఎందుకు తగ్గారు?

2. బద్లీ కార్మికుడికి, ఈ రోజుల్లో ఫోన్ యాప్ ద్వారా పని అందుకునే డెలివరీ కార్మికుడికి ఉన్న పోలికలు, తేడాలు రాయండి.

3. ఊరిలో ఆధారం లేనివారికి పని పోతే వారిని ఎవరు ఆదుకోవాలి? మీ అభిప్రాయాన్ని కారణాలతో వివరించండి.